మా బావ లివరూ రాని కాకీ

మా అక్క పోయిన మూడో రోజు పొద్దున మా బావ షుగర్ గోలి వేసుకున్నాడు. తినడం మాత్రం తినలేదు.

ఆ రోజు పిట్టకు పెట్టే రోజు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, దహనం చేసిన చోటికి తీసుకుపోయి, విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషి మనసులో ఏ కోరికా మిగల్లేదని నమ్మకం. అది ముట్టే దాకా ఇంటివాళ్లు మంచినీళ్లు తప్ప ఏమీ నోట్లో పెట్టుకోరు. మా వైపు చాలా ఇళ్లలో చేసేదే. మా బావ ఆ గోలి వేసుకోకపోతే నేను ఇది రాసేవాణ్ని కాదు.

గోలి ఎందుకు వేసుకున్నాడో చెప్పాలి. షుగర్ వచ్చినప్పటి నుంచి మా అక్క రోజూ పొద్దున ఆయన ముందు జొన్నరొట్టె పెట్టి, పక్కన గోలి పెట్టి, "గోలి మరువకు" అని గట్టిగా చెప్పేది. రొట్టె తినమని ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. రొట్టె కంచంలో ఉంటే ఆయన తినేవాడు. అందుకని ఆమె పోయాక ఆమె మాట ఒక్కటే ఆయనకు గుర్తుంది. గోలి మరవలేదు.

మా నారాయణఖేడ్ వైపు మాటలో మర్యాద తక్కువ. ప్రేమ ఉన్నచోట ఇంకా తక్కువ. మా బావ నన్ను పేరుపెట్టి పిలిచిన సందర్భం నాకు గుర్తులేదు. "ఏమ్రా బామ్మర్ది" అన్నది మంచి మూడ్‌లో ఉన్నప్పుడు. మిగతా వేళల్లో నేను పుస్తకాల పురుగును, చేతగానోణ్ని, ఇంకా కొన్ని. నేను లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆయన దృష్టిలో అది జీవితమంతా కుర్చీలో కూర్చుని దుమ్ము పీల్చడం. వాళ్లకు పిల్లలు లేరు. నేను రెండు సందుల అవతల ఒక్కణ్నే ఉంటాను. కాబట్టి ఆయన తిట్లకు ఉన్న ఒకే ఒక్క మగ వారసుణ్ని నేను.

ఇలాంటి మనిషి ఒకనాడు, పోయినేడాది, మధ్యాహ్నం పూట మా ఇంటికి వచ్చాడు. గడప బయట చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమండి. తమరికి ఇబ్బంది లేకపోతే నేను కొంచెం కూర్చోవచ్చునా?"

నాకు చెమటలు పట్టాయి. ఆయనకు నాకన్నా ముందే పట్టి ఉన్నాయి; చొక్కా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. ఆ మర్యాద ఎప్పుడో రేడియో నాటకాల్లో విన్నదై ఉండాలి. ఇంతలో మా అక్క చక్కెర డబ్బా పట్టుకుని సందులోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఎవర్నన్న గారు అన్నడా?" అని వాకిట్లోంచే అడిగింది.

"నన్ను అండి అన్నడక్కా."

"అయితే షుగర్ పడ్డది. నోరు పట్టు."

నేను ఆయన నోరు తెరిచి పట్టుకున్నాను, ఆమె చక్కెర పోసింది. పావుగంట గడిచాక ఆయన మూతి తుడుచుకుని, "ఏందిరా అట్ల చూస్తవ్, నీ అయ్య పెండ్లా?" అన్నాడు. అక్క నేల మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, "వచ్చిండు" అంది. ఊరి నుంచి వచ్చిన మనిషి గురించి చెప్పినట్టు.

ఆ సాయంత్రం ముగ్గురం దవాఖానకు పోయాం. చిన్న వయసు డాక్టరమ్మ. మా బావ రైతని తెలుసుకుని, ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలని గుమ్మి ఉదాహరణ తీసుకుంది. గుమ్మి అంటే ధాన్యం పోసుకునే పెద్ద వెదురు బుట్ట. ఇప్పుడు ఇళ్లలో తగ్గిపోయాయిగాని మా బావ వయసు వాళ్లకు దాని వాసన కూడా గుర్తే.

"లివర్ గుమ్మి లెక్క" అంది ఆమె. "తిన్నప్పుడు ఎక్కువైన చక్కెరను అది దాచుకుంటది. తిననప్పుడు కొంచెం కొంచెం తీసి రక్తంలకు వదుల్తది. మనం పండుకున్నా మెదడుకు తిండి అందుతదంటే దాని పుణ్యమే. షుగర్ మరీ తగ్గితే ఇంకో హార్మోన్ పోయి, గుమ్మి తెరువుమని చెప్తది."

"మరి నా గుమ్మి ఎందుకు తెరుస్తలేదు?"

"మీరు వేసుకునే గోలి ఇన్సులిన్‌ను వదిలేటట్టు చేస్తది. ఇన్సులిన్ ఉన్నంతసేపు లివర్ ఇప్పుడు తిండి వస్తున్నది, దాచుకోవాలె అనుకుంటది. మూత తీయదు. అందుకే గోలి వేసుకుంటే తినాలె. తినకపోతే గోలి వేసుకోవద్దు, మాకు ఫోన్ చేయాలె."

నాకు ఇంత తేటగా చెప్పిన మనిషి మీద గౌరవం కలిగింది. మా అక్క తల ఊపింది. మా బావ గుమ్మి అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. మూత సంగతి ఆయన చెవిలో పడలేదు. గుమ్మి ఉన్నది, ఖాళీ అయితే నింపాలి. దవాఖాన నుంచి ఇంటికి పోతూ మటన్ కొట్టు ముందు బండి ఆపించి, అరకిలో కార్జం, అంటే మేక లివర్, కొన్నాడు.

"మేక ఏడాది సంది దాచుకున్నది దాని కార్జంల ఉంటది" అన్నాడు. "గది మనం తింటే మన గుమ్మిలకు వస్తది. ఇంత చిన్న ముచ్చట డాక్టరమ్మ చెప్పకపాయె."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం కార్జం. నేను ఊరుకోవాల్సింది. కాని చదివిన మనిషికి తప్పును చూస్తూ ఊరుకోవడం రాదు. అది నా లోపం. ఇంటర్ పిల్లల జీవశాస్త్రం పుస్తకం తెచ్చుకుని నాలుగు రోజులు చదివి, ఆదివారం కంచం ముందు ఆయనకు చెప్పాను. మేకను బేరం చేసి, తోలుకొచ్చి, కట్టేస్తే అది భయపడుతుంది. భయపడినప్పుడు దాని లివర్ పారిపోవడానికి బలం కావాలని చక్కెరను రక్తంలోకి వదిలేస్తుంది. కోశాక మిగిలింది కూడా చాలావరకు కరిగిపోతుంది. ఆ తర్వాత పొయ్యి ఎక్కుతుంది. కంచంలోకి వచ్చేసరికి అది దాదాపు ఖాళీ గుమ్మి. ఇనుము ఉంటుంది, మాంసకృత్తులు ఉంటాయి, నువ్వనుకునే చక్కెర ఉండదు.

మా బావ నమలడం ఆపి విన్నాడు. నేను గెలిచానని అనుకున్నాను.

"అయితే భయపడని మేకను చూసి తెస్త" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. తర్వాతి ఆదివారం నన్ను వెంట తీసుకుపోయాడు. కొట్టు వెనక నాలుగు మేకలు కట్టేసి ఉన్నాయి. మా బావ ఒక్కో మేక ముందూ కూర్చుని కళ్లలోకి చూశాడు. కొట్టాయన కత్తి పక్కన పెట్టి నావైపు చూసి, "ఏమైంది సేట్‌కు?" అని సైగ చేశాడు.

"వీట్ల పరేషాన్ లేంది ఏది?" అని అడిగాడు మా బావ.

కొట్టాయన తన వ్యాపారం తెలిసినవాడు. క్షణం కూడా తడుముకోలేదు. "గా నల్లది. దానికి ఏం ఫికర్ లేదు సేట్. నిన్నటి సంది తింటనే ఉన్నది. పక్కదాన్ని తీస్కపోయినా తల లేపలే."

నల్లదాని కార్జం వచ్చింది. అక్క వేయించింది. ఆమెకు కార్జం ఇష్టం. ఈ పిచ్చి మొదలయ్యాక ప్రతి ఆదివారం దొరుకుతోందని నాతో మెల్లగా అంది. "నువ్వు నీ పుస్తకం మూసెయ్‌రా తమ్మీ. తిననియ్యి. రొట్టె తింటుండు కదా దాంతోని. రొట్టెనే పనిచేస్తది."

ఆమె చదువుకోలేదు. నేను నాలుగు రోజులు చదివి చెప్పినదానికన్నా ఆమె చెప్పిందే సరైనది.

అక్క నిద్రలోనే పోయింది. దాని గురించి నేను ఎక్కువ రాయను. గుండె అన్నారు.

మూడో రోజు పొద్దున పది పన్నెండు మందిమి కంగ్టి పోయే రోడ్డు పక్కన మా బావ చేనుకు పోయాం. కంది పూతకు వచ్చింది. చేను మూల, వాగు వైపు ఆమెను దహనం చేశాం. మా అత్తమ్మ, అంటే మా నాన్న చెల్లెలు, విస్తరి పరిచింది. పది జొన్నరొట్టెలు, కార్జం వేపుడు, పచ్చిపులుసు, స్టీలు గ్లాసులో చాయ్. మా అక్క మా బావకు చక్కెర లేని చాయ్ ఇచ్చి, తాను వంటింట్లో నిలబడి నాలుగు చెంచాల చక్కెర వేసుకుని తాగేది. అత్తమ్మకు ఆ సంగతి తెలుసు. నాలుగు చెంచాలు వేసి తెచ్చింది.

ఎనిమిదింటికి పెట్టాం. తొమ్మిదయింది. రెండు కాకులు వచ్చి కరెంటు తీగ మీద కూర్చున్నాయి. ఒకటి ముక్కు తీగకు రాసుకుంది. రెండోది మమ్మల్ని చూసింది. అంతే.

అత్తమ్మ మెట్టినిల్లు నాగల్‌గిద్ద వైపు. సగం కన్నడం. "బా తాయీ, బా" అని చేతులు చాపి పిలిచింది.

"ఖేడ్ కాకికి కన్నడం ఏం తెలుస్తదే?" అన్నాడు పెద్దనాయన. ఈయన మా నాన్నకు పెద్దనాన్న కొడుకు, మాలో అందరికన్నా పెద్ద. ఏ కార్యమైనా ఆయన చెప్పినట్టే జరగాలి.

"నీ తెలుగుకు వచ్చిందా మరి? పొద్దటి సంది పిలుస్తున్నవ్ కదా."

"పిల్లకు ఏదో మనసుల ఉన్నది. అందుకే ముడ్తలేదు. ఎవరన్న ఏమన్న బాకీ ఉంటే చెప్పుండ్రి" అన్నాడు పెద్దనాయన.

కాకి రాకపోతే ఇలా చేస్తారు. పోయినవాళ్ల కోరిక ఏమై ఉంటుందో ఊహించి, నేను చూసుకుంటా, నువ్వు నిమ్మళంగా పో అని ఒక్కొక్కరూ గట్టిగా మాట ఇస్తారు.  ముందుగా అత్తమ్మ గొంతు సవరించుకుంది.

"అవ్వా, నీ కుక్కర్ నా దగ్గరనే ఉన్నదే. పోయిందని చెప్పిన. పోలేదు. రేపే తెచ్చిస్త."

అందరూ ఆమెవైపు తిరిగారు. కాకులు తిరగలేదు.

"రెండేండ్లు ఇల్లంత లెంకింది దానికోసం" అన్నాడు మా బావ.

"ఇస్త అంటున్న కదా కొడుకా!"

ఇంకొకరు చీర సంగతి చెప్పారు. ఇంకొకరు మా అక్క ఊరికి పోయినప్పుడు ఆమె మల్లె అంటు పీక్కుపోయామని ఒప్పుకున్నారు. చివరికి పెద్దనాయన కర్ర నేలకు ఆనించి, ఆకాశంవైపు చూస్తూ, "బిడ్డా, నీ గిరిరాజు పుంజును మా కుక్కనే తిన్నది. నేను ఒట్టు పెట్టిన గాని, అదే తిన్నది" అన్నాడు.

ఒక గోరింక దిగింది. రొట్టె అంచును పొడిచి ఎగిరిపోయింది.

"ముట్టింది!" అంది అత్తమ్మ.

"గోరింక లెక్కకు రాదు. కాకే కావాలె."

"రెక్కలున్నయి, ముక్కున్నది, ఇంకేం గావాలె? బతికున్నప్పుడు అది ఎన్నడన్న నువ్వు చెప్పిన తొవ్వల వచ్చిందా? ఇప్పుడు కూడ ఎట్ల రాబుద్దయితే అట్ల వచ్చింది."

"కాకే" అన్నాడు పెద్దనాయన.

పదయింది. ఎండ పెరిగింది. అప్పుడు మా బావ విస్తరి దగ్గరికి నాలుగడుగులు వేసి, కరెంటు తీగవైపు తల ఎత్తి, రెండు చేతులూ జోడించాడు.

"కాకిగారూ, తమరు దయచేయండి. తమరి కోసమే అందరూ వేచి ఉన్నారు."

వెనక ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. "ఎంత మర్యాదగ పిలుస్తుండు చూడు" అంది అత్తమ్మ ముక్కు చీదుతూ. "ఉన్నన్ని రోజులు దాన్ని ఏయ్ అనంది పిలువలే. పోయినంక విలువ తెలిసింది."

మా బావ పెద్దనాయన వైపు తిరిగాడు. "పెద్దనాయనగారూ, తమరికి ఎండ తగులుతున్నట్టుంది. నీడలోకి రావలసిందిగా కోరుతున్నాను."

పెద్దనాయన కళ్లు తుడుచుకున్నాడు. "మనిషి మారిండు" అన్నాడు పక్కవాళ్లతో.

మనిషి మారలేదు. ఆ గుంపులో ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. తెలిసిన ఇంకో మనిషి కోసమే అక్కడ విస్తరి వేసి ఉంది.

నేను దగ్గరికి పోయాను. "బావా, పొద్దున గోలి వేసుకున్నవా?"

"వేసుకున్నానండి. గోలి మరవవద్దని మా ఆవిడ చెప్పింది."

"ఏమన్న తిన్నవా?"

"లేదండి. కాకిగారు ఇంకా ముట్టలేదు కదండి." ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణుకుతోంది. "మీరు కంగారుపడకండి బావమరిదిగారూ. లివర్‌లో స్టాకు ఉంది. ఆదివారం అరకిలో తిన్నాను. నల్ల మేక."

ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆయన గనక పడిపోతే, మూడు రోజుల్లో రెండోసారి మేము ఇదే మూలకు రావాల్సి వస్తుంది. నాకు తట్టింది అంతే. ఇంకే ఆలోచనా రాలేదు.

"చక్కెర ఎవరి దగ్గర ఉన్నది?" అని అరిచాను. నేను అరవడం మా వాళ్లు అంతకుముందు వినలేదు. ఒకావిడ నన్ను ఓదార్చడానికి వచ్చింది. ఆమెను పక్కకు జరిపాను. ఉపవాసానికి వచ్చినవాళ్ల దగ్గర ఏముంటుంది? ఒకరి దగ్గర తంబాకు, ఒకరి దగ్గర జండూబామ్. రోడ్డు మీది కిరాణా కొట్టుకు మోటార్ సైకిల్ మీద పోయి రావాలన్నా చేను బాట బురదలో ఇరవై నిమిషాలు. చక్కెర ఉన్నది ఒక్క చోటే. స్టీలు గ్లాసులో, నాలుగు చెంచాలు.

నేను విస్తరి వైపు నడిచాను. పెద్దనాయన కర్ర అడ్డం పెట్టాడు.

"పిట్ట ముట్టంది ఎట్ల తీస్తవ్‌రా? చదువుకున్నోనివి."

"బావకు షుగర్ పడిపోయింది. చూస్తలేవా? నిన్ను గారు అన్నడు."

"అంటే తప్పేంది? గిన్నేండ్లకు అన్నడు. ఒక్క పూట తినకుంటే ఏమైతది? కరువుల మేము రెండు రోజులు పస్తున్నం. లేచి నాగలి కూడ కట్టినం."

"అప్పుడు నువ్వు గోలి ఏసుకోలేదు పెద్దనాయనా. ఉత్తగ పస్తున్నోని లివర్ మూత తీస్తది. దాచింది కొంచెం కొంచెం వదుల్తది. అది అయిపోతే కండలు, కొవ్వు కరిగించి కొత్తగ తయారు చేస్తది. అందుకే నువ్వు నాగలి కట్టినవ్. గోలి ఏసుకుంటే ఇన్సులిన్ మూత మీద కూసుంటది. గుమ్మి నిండుగ ఉన్నా బయటికి రానీయదు. లోపల పెట్టుకోని పస్తుండాలె."

పెద్దనాయన కర్ర తీయలేదు. కాని ముఖంలో ఏదో మారింది.

"ఏ గోలి?" అన్నాడు. "తెల్లదా? చిన్నగ ఉంటది, గదా?"

 కర్ర కింద నుంచి వంగి పోయి గ్లాసు తీసుకున్నాను. చాయ్ చల్లారిపోయింది. మీద మీగడ కట్టింది, అందులో ఒక చీమ ఉంది. చీమను తీసేసి తెచ్చాను. వెనక గోల లేచింది. అరిష్టమన్నారు. లైబ్రరీ అన్న మాట కూడా వినబడింది.

మా బావ గ్లాసు చూసి వెనక్కి జరిగాడు. "క్షమించాలి. అది మా ఆవిడదండి."

"తెల్సు. తాగు."

"మర్యాద కాదండి. ఆమె ఇంకా తాగలేదు."

ఆయనకు లివర్ గురించి చెప్పే సమయం దాటిపోయింది. పుస్తకంలో ఇలాంటి చోట ఏం చెప్పాలో లేదు. "ఇన్నేండ్లు నీకు చప్పటిది ఇచ్చి అక్క తియ్యటిది తాగింది బావా. వంటింట్ల, నీకు కనబడకుంట. నాలుగు చెంచాలు. ఇయ్యాల నీ వంతు."

ఆయన నన్ను చూశాడు. తర్వాత గ్లాసును చూశాడు.

"నాలుగా?" అన్నాడు.

"నాలుగు."

"ఎంత మోసమండీ" అని గ్లాసు అందుకుని, రెండు గుక్కల్లో తాగేశాడు.

ఆయన్ను గట్టు మీద కూర్చోబెట్టి, విస్తరిలోంచి రొట్టె తీసి చేతిలో పెట్టాను. ఇక ఎవరూ అడ్డుపడలేదు. గోల కూడా తగ్గింది. చాయ్‌లోని చక్కెర పేగులు దాటి రక్తంలో కలవడానికి కొంతసేపు పడుతుంది. ఆ కాసేపు చేయగలిగింది ఏమీ లేదు. వాచీ చూస్తూ ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆయన రొట్టె నమిలాడు. నాకు, అత్తమ్మకు, దారిన పోతున్న ఒక మేకకు కృతజ్ఞతలు చెప్పాడు.

పెద్దనాయన మెల్లగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. 

"బిడ్డా" అన్నాడు, ఎవరికీ వినబడకుండా. "చాయ్ ఇంక ఉన్నదా?"

ఆయన నుదురు చూశాను. తడిగా ఉంది.

"నువ్వు కూడ ఏసుకున్నవా?"

"పొద్దున లేస్తనే ఏసుకుంట. డాక్టర్ మానొద్దన్నడు. మరి పస్తని చెప్పలే ఆయనకు."

"నేను రెండు ఏసుకున్న" అంది అత్తమ్మ. ఆమె మా వెనకే నిలబడి ఉంది. "ఇయ్యాల తింటలేము కదా, షుగర్ పెరుగుతదేమోనని ఒకటి ఎక్కువ."

ఒకరు చెప్పగానే మిగతావాళ్లూ బయటపడ్డారు. మా గుంపులో సగం మంది గోలి వేసుకుని వచ్చారు. కొందరి గోలి ఇలా షుగర్ పడగొట్టేది కాకపోవచ్చు; ఎవరిది ఏదో ఎవరికీ తెలియదు. తెల్లది, గులాబీ రంగుది, సగానికి గీత ఉన్నది. అన్ని లివర్లు, అన్ని మూతలు, కంది చేను మధ్య ఎండలో నిలబడి కాకి కోసం చూస్తున్నాయి.

పెద్దనాయన లేచి నిలబడి తీర్పు చెప్పాడు. "ముందు ఇంటోళ్లు బతకాలె. పిట్టకు సగం ఉంచుండ్రి."

సగం ఉంచి తిన్నాం. మా అక్క విస్తరిలోంచి, మా అక్క చితి పక్కన, ఒక్కొక్కరం రొట్టె ముక్క చేతిలో పట్టుకుని. పచ్చిపులుసు మంచిగ కుదిరిందని ఎవరో అన్నారు. ఒక పడుచువాణ్ని బండి మీద కొట్టుకు పంపితే బిస్కెట్లు, చక్కెర తెచ్చాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి నాకు ఆకలి తెలిసింది. అప్పుడు ఏడుపు వచ్చింది. రొట్టె నమలడం ఆపకుండానే ఏడ్చాను. 

"ఏమ్రా బామ్మర్ది" అని పక్క నుంచి వినబడింది. "పిట్టకు పెట్టింది నాకు పెడ్తవా? సిగ్గు లేదారా?"

నేను ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. వణుకు లేదు. చెమట ఆరుతోంది.

"చెయ్యి ఇడువ్. పెండ్లిపిల్లనా నేను?" అని విదిలించుకుని, ఆయన పెద్దనాయన వైపు తిరిగాడు. ఇందాక విన్నవన్నీ ఆయన తలలో ఒకచోట ఉండిపోయి, ఇప్పుడు వరుసగా బయటికి వచ్చినట్టున్నాయి. "మా పుంజును మీ కుక్కనే తిన్నదా?"

"గది ఎప్పటి ముచ్చటో..."

"ఒట్టు పెట్టినవ్ కదా! తల మీద చెయ్యి పెట్టి!"

"నా తల మీదనే పెట్టుకున్న. నీ తల మీద పెట్టిన్నా?"

అందరం అటు చూస్తున్నాం. ఆ పుంజు గురించి ఇంత వివరంగా ఎన్నడూ చర్చ జరగలేదు. చర్చ ముగిసి విస్తరి వైపు చూస్తే కార్జం లేదు.

"కాకే" అంది అత్తమ్మ.

"కాకే" అన్నాడు పెద్దనాయన, ఇంకెవరూ కుక్క అనకముందే.

తీగ మీద కాకులు లేవు. అదీ నేను చూసింది. మిగతాది నేను చూడలేదు.

గోలి ప్రభావం గంటల తరబడి ఉంటుంది. చక్కెర తాగాక మళ్లీ పడిపోవచ్చు. అందుకని ఇంటికి పోకుండా బావనూ పెద్దనాయననూ అత్తమ్మనూ ఆటోలో ఎక్కించుకుని నేరుగా దవాఖానకు పోయాను. అదే డాక్టరమ్మ. ముగ్గురికీ వేలికి సూది గుచ్చి చూసింది. సాయంత్రం దాకా ఉంచుకుంది. ముగ్గురినీ ఒకేసారి తిట్టింది. పెద్దనాయన తల వంచుకుని వింటూ, ఇక నుంచి మావాళ్లలో గోలీలు వేసుకునేవాళ్లు పిట్ట కోసం పస్తుండొద్దని అక్కడికక్కడే ప్రకటించాడు. ఆమెకు ఏ పిట్టో అర్థం కాలేదు.

మా బావకు గోలి మార్చింది. కొత్త చీటీ రాస్తూ, "ఇంట్ల ఎవరు చూసుకుంటరు?" అని అడిగింది.

పోయినసారి ఆ ప్రశ్న అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా అక్క ఆయన పక్కనే కూర్చుని ఉంది. మా బావ గోడ మీది క్యాలెండర్ చూశాడు. పెద్దనాయన, అత్తమ్మ ఒకరినొకరు చూసుకున్నారు.

"నాకెవరు చూసుకునుడు అవసరం లేదు" అన్నాడు మా బావ.

"నేను చూసుకుంట" అన్నాను.

"నువ్వా? నీకు నీ చాయే కాచుకోరాదు."

"రొట్టె చేస్త."

"నీ రొట్టె తిని చచ్చుడుకన్న షుగర్ పడి చచ్చుడే నయం" అన్నాడు. డాక్టరమ్మ చీటీ ఆయనకు ఇవ్వబోయి, నాకు ఇచ్చింది.

బయటికి వచ్చాక మందుల షాపు ముందు గోలీల షీటు కొని ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. ఆగాడు.

"ఇగో, పట్టు" అని నా చేతిలో పెట్టాడు. "నా దగ్గరుంటే ఏసుకుంట. గది ఎట్లన్న గుర్తుంటది."

రొట్టె సంగతే గుర్తుండదని అర్థమై, షీటును నా జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున ఏడింటికి మా ఇంటికి వస్తాడు. ముందు రొట్టె, తర్వాత గోలి. మొదటి వారం నా రొట్టెలు కర్ణాటక మ్యాపులా వచ్చేవి. ఆయన ఒక్కోదాన్ని ఎత్తి చూపించి ఏ జిల్లా నుంచి మొదలుపెట్టాలో అడిగేవాడు. ఇప్పుడు కొంచెం గుండ్రంగా వస్తున్నాయి. ఈ రోజు సగం తిని కంచం జరిపాడు. గోలి ఇవ్వలేదు. చేనుకు ఆలస్యమవుతోందన్నాడు. ఇవ్వలేదు. నా ఉద్యోగాన్నీ నా వంశాన్నీ కలిపి ఒక మాట అన్నాడు. అయినా ఇవ్వలేదు. మిగిలిన సగం తిన్నాడు. గోలి వేసుకుని, గ్లాసు బోర్లించి లేచాడు.

గడప దాటాక వెనక్కి తిరగకుండానే, "రేపు పచ్చిపులుసు చెయ్యి" అన్నాడు.

నాకు చేయడం రాదు. అత్తమ్మకు ఫోన్ చేశాను.